పద్దెనిమిదేళ్ళ ప్రాయానికి తొలి కారు: ఎంపికలో కొన్ని ఆలోచనలు

ఒకప్పుడు మన పట్టణాలలో కారు ఉన్న ఇంటికి ఆ కారే చిరునామా. అంబాసిడర్ డాక్టరుగారి ఇల్లు ఎక్కడ, ఫియట్ వకీలు సాహెబు ఇల్లు ఎక్కడ అని అడిగితే చిన్నపిల్లలు సైతం దారి చూపేవారు. ఆ కారును నడపడానికి జీతానికి కుదిరిన డ్రైవరు ఉండేవాడు. యజమాని వెనుక సీటులో కూర్చొనేవాడు. 1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో ఈ పరిస్థితి మారింది. యజమాని ముందు సీటులోకి వచ్చి తానే చోదకుడైనాడు. 2014 జనవరిలో ఆ చిన్న కారు తయారీ, అదే సంవత్సరం మే నెలలో ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ నిలిచిపోయినవి. ఇప్పుడు మనం మూడవ దశలో ఉన్నాము. ఇంటర్మీడియట్ ముగించి డిగ్రీలో చేరిన కుమారుడో కుమార్తెయో తాళపుచెవి కోసం చేయి చాపుతున్న కాలమిది. ఆ చేతికి ఎటువంటి బండి తగును అనే ప్రశ్న తల్లిదండ్రులకు ఎంత ముఖ్యమో, అడిగే విద్యార్థికి కూడా అంతే ముఖ్యం.

ఈ ప్రశ్నకు మన ఇళ్ళలో ఒక సిద్ధమైన సమాధానం ఉన్నది. నేర్చుకొనేవానికి పాత బండి చాలును. నాలుగు గీతలు పడినా బాధ లేదు. చేయి తిరిగిన తరువాత మంచిది కొందాము. వినడానికి ఇది ఎంతో సబబుగా తోస్తుంది. కాని ఇందులోని లెక్క అంతా బండికి తగిలే దెబ్బ గురించినదే. మనిషికి తగిలే దెబ్బ ఈ లెక్కలోకి రానే లేదు. ఇంట్లో అందరికంటె అనుభవం తక్కువైన వానిని, అందరికంటె రక్షణ తక్కువైన వాహనంలో కూర్చోబెట్టి, ఇరవై ఏళ్ళుగా నడుపుతున్న తండ్రి మాత్రం ఆరు ఎయిర్‌బ్యాగుల కారులో ఆఫీసుకు వెళ్ళడం ఏ తర్కానికి నిలుస్తుంది? గీతలను గురించి చింత ఉంటే బంపరుకు రంగు వేయించవచ్చును.

కొత్త చోదకునికి ప్రమాదం ఎక్కువ అన్న మాట ఊరకే భయపెట్టడానికి అన్నది కాదు. అనేక దేశాలలో జరిగిన పరిశీలనలన్నీ ఒక విషయాన్ని ఏకగ్రీవంగా చెబుతున్నవి. ఒంటరిగా బండి నడపడం ప్రారంభించిన తొలి కొద్ది నెలలలోనే ప్రమాదాలు అత్యధికం. ఆ తరువాత క్రమంగా తగ్గుతవి. పక్కన తోటి వయస్సు మిత్రులు కూర్చున్నప్పుడు, రాత్రి పూట, ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మన దేశంలో 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించింది. మృతులలో మూడింట రెండు వంతులు పద్దెనిమిది, నలభై అయిదు సంవత్సరాల మధ్య వారే. ఒక తరగతి గదిలో హాజరు పిలిచే ఉపాధ్యాయునికి ఈ అంకె కేవలం అంకెగా కనిపించదు.

ముందుగా వయస్సు సంగతి తేల్చుకొందాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టం నాలుగవ విభాగం ప్రకారం కారు నడపడానికి పద్దెనిమిది సంవత్సరాలు నిండవలెను. పదహారు ఏళ్ళకే అనుమతి ఉన్నది గదా అని కొందరు వాదిస్తారు. ఆ అనుమతి గేర్లు లేని, 50 సి.సి.కి మించని ద్విచక్ర వాహనానికి మాత్రమే. నేడు కళాశాలలకు వచ్చే పెట్రోలు స్కూటర్లలో అధిక భాగం 100 సి.సి. దాటినవే. 2019లో సవరణ ద్వారా చేర్చిన 199-ఎ విభాగం ఇంకా కఠినమైనది. పద్దెనిమిది నిండని వారు బండి నడిపి నేరం చేస్తే, ఆ నేరం సంరక్షకునిది లేక యజమానిది అవుతుంది. మూడు సంవత్సరాల వరకు కారాగారం, ఇరవై అయిదు వేల రూపాయల జరిమానా, పన్నెండు నెలల పాటు ఆ బండి రిజిస్ట్రేషను రద్దు. నడిపిన పిల్లవానికి ఇరవై అయిదు ఏళ్ళు నిండే వరకు లైసెన్సు రాదు. పదిహేడేళ్ళ వానికి తాళాలు ఇచ్చి "మా వాడు నాకంటె బాగా నడుపుతాడు" అని మురిసిపోయే తండ్రులు ఈ విభాగాన్ని ఒకసారి చదివితే బాగుండును.

ఇక కారు దగ్గరకు వస్తాము. వేగానికీ ఆగే దూరానికీ గల సంబంధం తెలిస్తే ఎంపికలో సగం చిక్కు విడిపోతుంది. భౌతిక శాస్త్ర విద్యార్థులకు ఇది పాత పాఠమే. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 11 మీటర్లు సాగుతుంది. ఎదుట గేదె కనిపించి, కాలు బ్రేకు మీదకు వెళ్ళడానికి ఒక సెకను పట్టిందనుకొంటే, బ్రేకు పడకముందే 11 మీటర్లు గడిచిపోయినవి. పొడి తారు రోడ్డు మీద, టైర్లు మంచివైతే, ఆ తరువాత ఆగడానికి ఇంకొక 9 మీటర్లు. మొత్తం 20. వేగం 80కి పెరిగితే సెకను కాలంలో 22 మీటర్లు, ఆగడానికి 36 మీటర్లు, మొత్తం 58. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టిన తరువాతి దూరం నాలుగు రెట్లు. తడి రోడ్డు మీద, అరిగిన టైర్ల మీద ఇది ఇంకా పెరుగుతుంది. అనుభవం గలవాడు గేదెను దూరంనుండే గమనించి కాలు తీసివేస్తాడు. కొత్తవాడు బ్రేకును ఒక్కసారిగా అదిమి తొక్కుతాడు. చక్రాలు బిగుసుకొనిపోతే బండి స్టీరింగు మాట వినదు.

ఇక్కడే ఏ.బి.ఎస్. అనే ఏర్పాటు విలువ తెలుస్తుంది. అది చక్రం బిగుసుకోకుండా బ్రేకును క్షణానికి పలుమార్లు వదలి పట్టుతూ ఉంటుంది. కాలు అదిమి ఉంచినా బండిని పక్కకు తిప్పుకొనే అవకాశం మిగులుతుంది. దీనికి అన్న వంటిది ఇ.ఎస్.సి. మలుపులో బండి జారుతున్నదని గ్రహించి, ఒక్కొక్క చక్రానికి వేరువేరుగా బ్రేకు వేసి దారిలోకి తెస్తుంది. అమెరికాలో 2012 నమూనాల నుండి చిన్న వాహనాలన్నిటికీ దీనిని తప్పనిసరి చేశారు. యువ చోదకులకు తగిన కార్ల జాబితాలు ప్రకటించే అక్కడి ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ అనే సంస్థ, ఇ.ఎస్.సి. లేని కారు పిల్లలకు వద్దే వద్దని చెబుతున్నది. మన వద్ద ఇది అన్ని కార్లలో లేదు. ఉన్న నమూనాలోనూ ఏ రకానికి ఉన్నదో అడిగి తెలుసుకోవలెను. సంగీతం పెట్టెకు, పైకప్పు కిటికీకి వెచ్చించే సొమ్ముతో దీనిని కొనవచ్చునంటే మా విద్యార్థులకు నచ్చదని తెలుసు.

వాడిన కారు కొనదలచినవారు కొన్ని తేదీలను కాగితం మీద వ్రాసి పెట్టుకోవడం మేలు. 2019 ఏప్రిల్ నుండి కొత్త కార్లన్నిటికీ ఏ.బి.ఎస్. తప్పనిసరి. అదే ఏడు జూలై నుండి చోదకునికి ఎయిర్‌బ్యాగు, సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే హెచ్చరిక, వేగం మించితే హెచ్చరిక, వెనుకకు నడిపేటప్పుడు అడ్డును తెలిపే సెన్సరు తప్పనిసరి అయినవి. అదే సంవత్సరం అక్టోబరు నాటికి పాత నమూనాలు కూడా ఢీకొట్టే పరీక్ష నియమాలకు లోబడవలసి వచ్చింది. 2021 డిసెంబరు 31 నుండి ముందు సీటులోని రెండవ వ్యక్తికి కూడా ఎయిర్‌బ్యాగు ఉండితీరవలెను. కనుక 2022లో గాని ఆ తరువాత గాని తయారైన ఏ చిన్న కారైనా, అంతకు పూర్వపు పెద్ద కార్లు కొన్నిటికి లేని రక్షణను కలిగి ఉన్నది. నా అభిప్రాయంలో పిల్లల కోసం కొనే వాడిన కారుకు ఈ 2022 అనేది హద్దు. డబ్బు చాలకపోతే 2019 చివరి భాగం వరకు దిగవచ్చును. అంతకు దిగువకు పోరాదు.

నక్షత్రాల సంగతి కూడా కొంత చెప్పవలసి ఉన్నది. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో బాగా అమ్ముడుపోయే అయిదు చిన్న కార్లను పరీక్షించగా, పెద్దల రక్షణలో అయిదింటికీ సున్న వచ్చింది. 2018లో టాటా నెక్సాన్ అయిదు నక్షత్రాలు పొందిన మొదటి భారతీయ కారైనది. 2023 అక్టోబరు 1 నుండి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో పరీక్షలు నిర్వహిస్తున్నది. కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, ముందు భాగంలో కొంత మేర మాత్రమే తగిలేట్లుగా అడ్డుగోడకు ఢీకొట్టిస్తారు. పక్కనుండి ఢీకొనే పరీక్ష వేరుగా ఉంటుంది. నక్షత్రాలు చదవడంలో రెండు జాగ్రత్తలు అవసరం. చిన్న కారుకు వచ్చిన అయిదు నక్షత్రాలు, దానికి రెట్టింపు బరువు గల వాహనం ఎదురైనప్పుడు అంతే రక్షణ ఇస్తవని కాదు. ఆ పరీక్ష సుమారు తన బరువుకు సమానమైన కారుతో ఢీకొన్న దానితో పోల్చదగినది. రెండవది, గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు 2022లో నియమాలను కఠినతరం చేశారు. అంతకు ముందు పొందిన నక్షత్రాన్ని, తరువాత పొందిన దానిని ఒకే తక్కెడలో తూచరాదు.

పరిమాణం విషయంలో అమెరికా సలహాను ఉన్నదున్నట్లు మనం తీసుకోలేము. అక్కడివారు యువకులకు మరీ చిన్న కార్లు వద్దంటారు. బరువైన కారు ఢీకొన్నప్పుడు తక్కువ కుదుపుతో నిలుస్తుందన్నది వారి వాదన, అది నిజమే. కాని పాత బస్తీ గల్లీలలోను, కర్నూలు పాత పట్టణపు సందులలోను, గుంటూరు బజారులలోను పొడవైన బండిని తిప్పడం కొత్తవానికి వేరొక పరీక్ష. ఎత్తైన పెద్ద బండ్లలో ముందు చక్రం దగ్గర నిలిచిన పసివాడు కనిపించడు. హఠాత్తుగా తిప్పితే ఒరిగే స్వభావం కూడా వాటికి ఎక్కువ. నాలుగు మీటర్ల లోపు పొడవు, మధ్య రకపు బరువు, టర్బో లేని 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను, ఎనభై అశ్వశక్తికి అటూ ఇటూ బలం: ఇంతకు మించి డిగ్రీ విద్యార్థికి అవసరమేమున్నది? శక్తి ఎక్కువైన కారు ఇచ్చి నెమ్మదిగా పొమ్మనడం, మిఠాయి దుకాణంలో కూర్చోబెట్టి ఉపవాసం ఉండమనడం వంటిది.

గేర్ల కారా, ఆటోమేటిక్కా అన్న వాదం ఇళ్ళలో చాలాకాలం సాగుతుంది. లైసెన్సుకు సంబంధించినంతవరకు రెండూ ఒకటే. గేర్ల కారు మీద నేర్చుకొన్నవాడు దేనినైనా నడుపగలడు. కాని ట్రాఫిక్కులో క్లచ్ గురించి ఆలోచించే మనస్సు ఎదుటి దారిని మరచే ప్రమాదం ఉన్నది. గేర్ల మీద నేర్పించి, రోజువారీకి ఏది దొరికితే అది ఇవ్వవచ్చునని నేను భావిస్తాను. అంతకంటె ముఖ్యమైనది కూర్చొనే తీరు. కారును చూడడానికి వెళ్ళేటప్పుడు నడపబోయే పిల్లనో పిల్లవానినో తీసుకొనిపోవలెను. ఎత్తు తక్కువైన అమ్మాయిలు పెడలు అందక స్టీరింగుకు మరీ దగ్గరగా జరిగి కూర్చొంటారు. ఎయిర్‌బ్యాగు పేలే వేగానికి ఆ దగ్గరతనమే గాయం చేస్తుంది. రొమ్ముకు స్టీరింగుకు నడుమ కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉండవలెను. సీటును పైకి లేపే ఏర్పాటు ఉన్న కారు ఇందుకు మేలు. కారు అబ్బాయి కోసం కొని, అమ్మాయి తరువాత నేర్చుకొంటుందిలే అనే ఇళ్ళలో ఈ సంగతి ఎవరికీ తట్టదు.

ఖరీదు మాటకు వస్తే ఒక చిన్న భాషా ముచ్చట. మన పత్రిక ఉర్దూ విభాగం చదివేవారికి తెలుసు, అక్కడ ఖరీద్ అంటే కొనుగోలు. అదే మాట తెలుగులోకి వచ్చి వెల అనే అర్థంలో స్థిరపడింది. మొదటి కారు కొనేవారు ఈ రెండర్థాలను ఒకటిగానే తలుస్తారు. వెల ఇచ్చి కొనడంతో పని ముగిసిందనుకొంటారు. నాలుగు లక్షలు చేతిలో ఉన్న తండ్రి నాలుగు లక్షల కారు కొంటే, బీమాకు, పేరు మార్పుకు, అరిగిన టైర్లకు, మొదటి సర్వీసుకు అప్పు చేయవలసి వస్తుంది. మూడున్నరకు దిగి, మిగిలినది వీటి కోసం అట్టిపెట్టడం వివేకం. వడ్డీ అప్పులకు దూరంగా ఉండదలచిన కుటుంబాలకు ఈ లెక్క మరీ అవసరం. కొత్త కారు కొనగలిగినవారికి 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతానికి తగ్గింది. కనుక వాడిన కారుకు ఎక్కువ వెల చెప్పే ముందు కొత్త దాని వెల ఎంతో కనుక్కోవడం మంచిది.

వాడిన కారును పరీక్షించే విధానం విడిగా ఒక శాస్త్రం. మన ప్రాంతంలో అన్నిటికంటె ముందు చూడవలసినది నీట మునిగిన బండి కాదు గదా అని. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీధులు మునిగినవి. మునిగిన కార్లన్నీ తుక్కుకు పోవు. కొన్ని కడిగి, తుడిచి, అత్తరు చల్లి, వేరొక ఊరిలో అమ్మకానికి వస్తవి. కిందటేడు మా పూర్వ విద్యార్థి తండ్రి ఒకరు నన్ను తోడు రమ్మని ఒక అంగడికి తీసుకొని వెళ్ళినారు. కారు పెళ్ళికొడుకు వలె మెరుస్తున్నది. మాతో వచ్చిన మెకానిక్కు ఏమీ మాట్లాడకుండా డ్రైవరు పక్కనున్న సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగినాడు. చివరి జానెడు పట్టీ మీద సన్నని బురద గీత. డిక్కీలో స్టెప్నీ చక్రం ఎత్తి చూపినాడు. గుంటలో ఒండ్రు ఎండి ఉన్నది. "వాన జల్లు పడింది సార్, అంతే" అన్నాడు అంగడివాడు. డిక్కీ గుంటలో ఒండ్రు చేర్చే వాన ఏ ఊరిలో కురిసిందో మేము అడగలేదు. నీరు తాగిన కారులో తీగల కొసలు లోలోన తుప్పు పడతవి; ఎయిర్‌బ్యాగు తెరుచుకోవలసిన రోజున తెరుచుకోకపోవచ్చును. తాళం తిప్పగానే డాషుబోర్డు మీద ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి కొద్ది సెకన్లలో ఆరిపోవలెను. ఆరకపోయినా లోపమే, అసలు వెలగకపోతే దానిని ఎవరో ఊడదీసినారని అనుమానించవలెను.

మైలు మీటరును వెనుకకు తిప్పడం తెలిసిన విద్యే. మీటరు ముప్పై వేలు చూపుతూ, బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగి ఉంటే ఏది నిజమో చెప్పనక్కరలేదు. టైరు పక్కన గుండ్రని గడిలో నాలుగంకెలు ఉంటవి. 2319 అంటే 2019 సంవత్సరం ఇరవై మూడవ వారంలో తయారైనదని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టరీత్యా అది పనికిరాదు. ఈ పరీక్షలన్నిటికీ పగటి వెలుతురు ఉండవలెను. రాత్రి దీపాల కింద ఏ రంగైనా అందమే.

కాగితాల విషయంలో మొహమాటం పనికిరాదు. ఆర్.సి. మీది ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది వాటితో అక్షరం అక్షరం సరిపోవలెను. బ్యాంకు అప్పు ఉండినట్లయితే, తీరినదని పత్రం, ఫారం 35 తీసుకోవలెను. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. వేరే రాష్ట్రపు బండి అయితే అభ్యంతరం లేదనే పత్రం తప్పదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు వేరు రాష్ట్రాలన్న సంగతి విజయవాడలో కొని నల్లగొండకు తెచ్చుకొనేవారు మరచిపోతుంటారు. నంబరు ఆధారంగా పాత చలాన్లు కూడా చూడవచ్చును. ఆ జాబితా పాత యజమాని నడక తీరును కూడా కొంత తెలుపుతుంది.

బీమాను చాలామంది పోలీసు ఆపినప్పుడు చూపే కాగితంగా భావిస్తారు. ఇతరులకు కలిగే నష్టానికి బీమా చట్టరీత్యా తప్పనిసరి. సొంత బండి నష్టానికి ఐచ్ఛికం. నేర్చుకొనే వయస్సు వారి కారుకు రెండవది కూడా తీసుకోవలెను. కారు చేతులు మారినప్పుడు పద్నాలుగు రోజులలో బీమా సంస్థకు తెలిపి పాలసీని పేరు మార్పించుకోవలెను. పాత యజమాని సంపాదించిన నో క్లెయిమ్ రాయితీ అతనితోనే పోతుంది, కారుతో రాదు. అంగడివాడు "యాభై శాతం రాయితీ ఉన్న పాలసీ" అని ఆశ పెడితే నమ్మరాదు. అన్నిటికంటె పెద్ద విషయం, లైసెన్సు లేనివాడు నడిపి ఎవరికైనా హాని చేస్తే, బీమా సంస్థ బాధితునికి ముందు చెల్లించినా, ఆ సొమ్మును యజమాని నుండి రాబట్టుకొనే హక్కును సుప్రీం కోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో గుర్తించింది. ఆ రాబట్టుడు ఇంటి స్థలం దాకా పోవచ్చును.

మంచి కారును కొని మనమే చెడగొట్టుకొనే మార్గాలు కొన్ని ఉన్నవి. ముందు బిగించే ఇనుప గార్డును 2017 డిసెంబరులో కేంద్రం నిషేధించమన్నది. అది ఎదుటివారికి గాయం చేయడమే గాక, ఎయిర్‌బ్యాగు సెన్సరుకు అందవలసిన దెబ్బ తీరును మారుస్తుంది. అద్దాలకు నల్ల ఫిల్మును సుప్రీం కోర్టు 2012లో నిషేధించింది. కొత్త చోదకునికి రాత్రి వేళ అది కళ్ళకు గంతలే. సీటు పక్కన ఎయిర్‌బ్యాగులు ఉన్న కారుకు బిగుతైన సీటు కవరు కుట్టిస్తే అవి తెరుచుకొనే దారి మూసినట్లు. అన్నిటికంటె హాస్యాస్పదమైనది, బెల్టు హెచ్చరిక మోగకుండా గూట్లో దూర్చే బిళ్ళ. దీనిని అమ్మవద్దని 2023లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఇంటర్నెట్టు అంగళ్ళను ఆదేశించవలసి వచ్చింది. ప్రాణం కాపాడే గంట నోరు నొక్కడానికి డబ్బిచ్చి కొనే జాతి మనదే కాబోలు. బెల్టు వెనుక సీటు వారికి కూడా వర్తిస్తుంది. పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ జిల్లాలో మరణించినప్పుడు ఆయన ఖరీదైన కారు వెనుక సీటులో బెల్టు లేకుండా ఉన్నారు.

కారు ఇంటికి వచ్చిన తరువాత మొదటి ఆరు నెలల ఏర్పాటు కూడా ఎంపికలో భాగమే. లెర్నింగు లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజుల తరువాత శాశ్వత లైసెన్సుకు అర్జీ పెట్టవచ్చును. ఈ లోపల లైసెన్సు గలవారు పక్కన ఉండవలెను. బండికి ముందూ వెనుకా తెల్లని పలక మీద ఎర్రని ఎల్ అక్షరం ఉండవలెను. ముప్పై రోజులు దాటిన మరునాడే పరీక్షకు పరుగెత్తడం మన అలవాటు. న్యూజిలాండు దేశం 1987లోనే దశలవారీ లైసెన్సు పద్ధతి పెట్టి, కొత్తవారిని రాత్రి వేళ ఒంటరిగా నడపవద్దని, మిత్రులను ఎక్కించుకోవద్దని కొంతకాలం కట్టడి చేసింది. తరువాత ఎన్నో దేశాలు ఆ దారి పట్టినవి. మన చట్టంలో అది లేదు; అందుచేత ఆ పని ఇంట్లోవారే చేయవలసి ఉన్నది. లైసెన్సు వచ్చిన తరువాత కూడా మొదటి మూడు నెలలు అబ్బాజానో, అమ్మీయో, లైసెన్సు గల పెద్దన్నయ్యో పక్క సీటులో ఉండడం, ఆ తరువాత మూడు నెలలు ఒక్క మిత్రునికి మించి ఎక్కించుకోకపోవడం, రాత్రి తొమ్మిది దాటితే తాళాలు గోడ మేకుకు చేరడం, ఔటర్ రింగు రోడ్డును చివరి పాఠంగా ఉంచడం: ఇవి మాటలతో గాక, కారు కొనక ముందే కాగితం మీద ఒప్పుకొంటే తరువాత వాదులాట ఉండదు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. మన ద్వారం వద్ద ఏటా విద్యార్థులకు వాహన చీటీలు ఇస్తున్నాము. బండి నంబరు వ్రాసుకొంటున్నాము, అంతే. వచ్చే జూన్ నుండి చీటీకి అర్జీ పెట్టేవారు లైసెన్సు నకలు, నడుస్తున్న బీమా నకలు జతపరచాలని నియమం పెడితే, కార్యాలయానికి పెరిగే పని ఒక ఫైలు మాత్రమే. ఇంటర్మీడియట్ విభాగంలో పద్దెనిమిది నిండనివారు ఎక్కువ గనుక, వారి అర్జీ ఫారంపై తండ్రి సంతకానికి ఎదురుగా 199-ఎ విభాగపు సారాంశాన్ని తెలుగు, ఉర్దూ రెండు భాషలలో అచ్చు వేయించవచ్చును. తెలుగు పాఠాన్ని తయారు చేసి ఇవ్వడానికి మా శాఖ సిద్ధంగా ఉన్నది.